మాట పడిపోయిన యానాది పెద్దాయన: ఒక స్పీచ్ థెరపీ కేస్ స్టడీ

నేను చెన్నైలో పదిహేడేళ్లుగా స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. పక్షవాతం వచ్చి మాట కోల్పోయిన తెలుగువారు నా దగ్గరికి తరచుగా వస్తారు. కొందరు సూళ్లూరుపేట, గూడూరు వైపు నుంచి రైలెక్కి సెంట్రల్‌లో దిగేవారు, కొందరు ఉత్తర చెన్నైలో తరతరాలుగా ఉంటున్నవారు. ఇక్కడ రాస్తున్నది 68 ఏళ్ల ఒక యానాది పెద్దాయన కేసు. ఆయనతో ఏడు నెలలు చేసిన పనిని నా పొరపాట్లతో సహా నమోదు చేయాలనిపించడానికి కారణం ఉంది. ఆయన పుట్టిపెరిగిన సంస్కృతికీ ఆయన మాటకూ ఉన్న సంబంధాన్ని నేను మొదట గుర్తించలేదు. గుర్తించాకే చికిత్స దారిలో పడింది. ఈ వివరాలు రాయడానికి ఆయనా, ఆయన కూతురూ ఒప్పుకున్నారు. ఆయన విషయంలో ఒక్కసారి తల ఊపించుకుని సరిపెట్టకుండా, రాయబోయే సంగతులను ఒక్కొక్కటిగా చెప్పి, ప్రతిదానికీ విడిగా సమ్మతి తీసుకున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలను వదిలేశాను, కొన్నింటిని మార్చాను.

జబ్బు వచ్చిన తీరు

పెద్దాయన మింజూరు దగ్గర కూతురి ఇంట్లో ఉంటారు. అల్లుడూ మనవడూ ఎన్నూరు, పులికాట్ వైపు ఉప్పునీటి పాయల్లో రొయ్యలు, చేపలు పట్టి అమ్ముతారు. కూతురు బియ్యం మిల్లులో పనికి వెళుతుంది. ఆయన పుట్టింది శ్రీహరికోట దీవిలో. రాకెట్ కేంద్రం కోసం ఆ దీవిని తీసుకున్నప్పుడు చాలా యానాది కుటుంబాల్లాగే ఆయన కుటుంబమూ గట్టు దాటి ఇవతలికి వచ్చింది. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరేనాటికి ఆయనకు పదిహేనేళ్లు. బడికి వెళ్లలేదు. చేపలవేట, వరికోతలు అయ్యాక రైతులు పిలిస్తే పొలాల్లో ఎలుకలు పట్టడం, అడవిలో వేర్లూ తేనే సేకరించడం ఆయన పనులు. కుడిచేతి వాటం. తెలుగు ఇంటి భాష. తమిళం బేరసారాలకు సరిపడా వచ్చు. చుట్ట తాగే అలవాటు ఉంది. బీపీ ఎన్నడూ చూపించుకోలేదు.

ఒకరోజు తెల్లవారుజామున గట్టు మీద వల సర్దుతూ కూలబడిపోయారు. కుడికాలూ చెయ్యీ పడిపోయాయి, మూతి ఒక పక్కకు లాగింది, మాట పడిపోయింది. ఆస్పత్రికి చేరింది మరునాడు మధ్యాహ్నం. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల్లోపు ఇవ్వాలి కాబట్టి ఆ అవకాశం పోయింది. డిశ్చార్జి కాగితంలో ఆలస్యానికి కారణం 'నాటువైద్యం' అని ఒక్క ముక్క రాసి ఉంది. ఆ రోజు ఏం జరిగిందో నేను కూతురిని గంట గంటకూ అడిగి రాసుకున్నాను. పావురం రక్తం తెచ్చి కాలికీ చేతికీ రుద్దిన మాట నిజమే, దానికి పట్టింది ముప్పావు గంట. మిగిలిన సమయమంతా ఆటో దొరకక, అడ్వాన్సు కట్టలేదని మొదట వెళ్లిన ఒక క్లినిక్ తిప్పి పంపగా, డబ్బు కోసం మిల్లు యజమాని ఇంటి ముందు కూర్చోగా గడిచింది. కాగితంలో మాత్రం పావురమే మిగిలింది. కేసు చరిత్ర ఇలా ఒక్క ముక్కకు కుదించుకుపోతే, తరువాత చూసే ప్రతి వైద్యుడూ ఆ కుటుంబాన్ని ఆ ముక్కతోనే చూస్తాడు. నేను కూడా మొదటి రోజు అలాగే చూశాను.

స్కాన్‌లో మెదడు ఎడమవైపు మధ్య ధమని పరిధిలో, ముఖ్యంగా ముందుభాగంలో దెబ్బ కనిపించింది. జబ్బు వచ్చిన ఆరో వారంలో ఆయన్ని నా దగ్గరికి పంపారు.

మొదటి పరీక్ష, అందులో జరిగిన తప్పు

మెదడు దెబ్బతినడం వల్ల మాట శక్తి పోవడాన్ని అఫేజియా అంటాం. ఆయనకున్నది అందులో ఒక రకం, బ్రోకా అఫేజియా. ఎదుటివారు చెప్పింది చాలావరకు అర్థమవుతుంది, తాను చెప్పాలనుకున్నదీ తెలుసు, కానీ మాట నోటిదాకా వచ్చి కూడబలుక్కోదు. 1861లో ప్యారిస్‌లో పాల్ బ్రోకా వర్ణించిన రోగి 'టాన్' అన్న ఒక్క శబ్దమే పలికేవాడు. అతని మరణానంతరం మెదడు ఎడమ ముందుభాగంలో దెబ్బ కనిపించడంతో మాటకూ ఆ చోటికీ ఉన్న సంబంధం వైద్యలోకానికి తెలిసింది. మా పెద్దాయనకు మిగిలిన శబ్దాలు 'ఆఁ', 'ఎం ఎం'. మరేమీ లేవు.

నేను వెస్టర్న్ అఫేజియా బ్యాటరీ తెలుగు రూపంతో పరీక్షించాను. ఆండ్రూ కెర్టెజ్ రూపొందించి 1982లో ప్రచురించిన ఈ పరీక్షలో మాట ధార, అర్థం చేసుకోవడం, తిరిగి పలకడం, పేర్లు చెప్పడం అనే అంశాలను కలిపి 100కు మార్కులు లెక్కిస్తారు, 93.8 కన్నా తక్కువైతే అఫేజియా ఉన్నట్టు. ఆయనకు 31 వచ్చింది. పేర్లు చెప్పే భాగంలో దువ్వెన, తాళం, పెన్సిల్, స్క్రూడ్రైవర్ వంటి వస్తువులూ, మా క్లినిక్‌లో అదనంగా వాడే గీతల బొమ్మలూ చూపించాను. ఒక్కటీ పలకలేదు. కొన్ని బొమ్మలను ఆయన అసలు చూడనే లేదు, చూపు కిటికీ వైపు ఉంది. 'సహకారం తక్కువ, ఏకాగ్రత లోపం' అని రాసుకున్నాను. బడి చదువు లేనివారు నిజమైన వస్తువుల కన్నా గీతల బొమ్మలను గుర్తించి పేరు చెప్పడంలో వెనకబడతారని, అది మెదడు జబ్బు వల్ల కాదని పోర్చుగల్‌లో జరిగిన పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. అది నాకు తెలిసిన విషయమే, చదువుకున్న విషయమే. అయినా ఆ రోజు నా పెన్ను ఆగలేదు.

మూడో సెషన్‌లో పీత బొమ్మ చూపించాను. ఆయన ఒక్కసారి ముందుకు వంగి, 'ఎం... ఎం...' అన్నారు. ఎప్పుడూ వచ్చే అర్థంలేని శబ్దమే అనుకుని తప్పు కింద గుర్తు పెట్టాను. వెనక కూర్చున్న కూతురు నెమ్మదిగా, "ఎండ్రకాయ అంటన్నాడు మేడమ్. మేము పీత అనం" అంది. మాది కృష్ణా జిల్లా వైపు, మా ఇంట్లో పీతే. ఆయన నోటి నుంచి మొట్టమొదటిసారి ఒక మాట మొదలు బయటికి వస్తే, నేను దాన్ని జబ్బు లక్షణం కింద రాసేశాను.

ఆ రాత్రి పాత రికార్డింగులన్నీ మళ్లీ విన్నాను. మొదటి రెండు సెషన్లలో కనీసం నాలుగు చోట్ల ఆయన చేసిన శబ్దాలు యాదృచ్ఛికం కావు. గిన్నె బొమ్మకు 'స' అన్నారు, వాళ్ల ఇంట్లో దాన్ని 'సట్టి' అంటారు. ఇంకో విషయం కూడా లెక్క తేలింది. ప్రశ్న అడిగాక నేను ఐదారు సెకన్లకు మించి ఆగడం లేదు, ఆలోగానే మొదటి అక్షరం అందించేస్తున్నాను.

ఆయన మౌనం గురించి

అఫేజియా ఉన్నవారి మౌనమంతా అఫేజియా కాదు. యానాదులు నెల్లూరు, తిరుపతి, ప్రకాశం, గుంటూరు ప్రాంతాల్లో ఎక్కువగా ఉండే షెడ్యూల్డ్ తెగ, తెలుగు మాట్లాడేవారు. బ్రిటిష్ కాలంలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద వారిలో చాలామందిని పుట్టుకతోనే నేరస్తులుగా నమోదు చేశారు. ఆ మచ్చ తుడిచేయడానికి పోరాడినవారిలో నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారు ముఖ్యులు; ఆ చట్టం 1952లో రద్దయింది. పెద్దాయన పుట్టింది అది రద్దయ్యాకే. అయితే వాళ్ల నాయన రాత్రుళ్లు ఠాణాలో హాజరు వేయించుకున్న సంగతి వింటూ పెరిగారు. రాసుకునే మనిషి ముందు, అందులోనూ బల్లకు అవతల కూర్చుని ప్రశ్నలు వేసే మనిషి ముందు, తక్కువ మాట్లాడడం ఆ ఇంట్లో నేర్పిన జాగ్రత్త. "ఆపీసరు అడిగితే ఉన్నదానికి ఊఁ అను, లేనిదానికి ఊరకుండు అని మా జేజి చెప్పేది" అంది కూతురు. నేను తెల్లకోటు వేసుకుని, ప్యాడ్ పట్టుకుని, 'ఇదేంటి, ఇదేంటి' అని వరసగా అడుగుతున్నాను. ఆ మార్కుల్లో జబ్బు ఎంత, జాగ్రత్త ఎంత అని విడదీయడం ఇప్పుడు అసాధ్యం.

నాలుగో సెషన్ నుంచి కోటు తీసేశాను. బల్ల కూడా పక్కకు జరిపి, చాప మీద కూర్చున్నాం.

సోదె

తొమ్మిదో వారంలో కూతురు ఒక మాట అడగలేక అడిగింది. సూళ్లూరుపేట దగ్గర ఉండే పెద్దాయన అక్క సోదె చెబుతుంది. తమ్ముడి నోరు ఎందుకు పడిపోయిందో సోదె అడిగి, చెంగాళమ్మకు మొక్కు చెల్లించాలని అందరూ అనుకుంటున్నారు. పది రోజులు పడుతుంది, థెరపీకి రాలేరు. జబ్బు వచ్చిన మొదటి మూడు నెలల నుంచి ఆరు నెలల దాకా మెదడు కోలుకునే వేగం ఎక్కువ. అందులో పది రోజులు పోతాయంటే నాకు కష్టంగానే అనిపించింది. వద్దంటే మాత్రం వాళ్లు నాకు చెప్పకుండా వెళతారు, మళ్లీ రావడానికి మొహమాటపడతారు. వెళ్లి రమ్మన్నాను. వీలైతే మనవడిని ఫోనులో వీడియో తీసి పెట్టమన్నాను, అక్క ఒప్పుకుంటేనే.

అక్క ఒప్పుకుంది. నలభై నిమిషాల ఆ వీడియోను నేను కనీసం పదిసార్లు చూసి ఉంటాను. ఇంటి ముందు చెట్టు కింద ఇరవై మంది దాకా కూర్చున్నారు. అక్క తమ్ముడి ఎడమచెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, చుట్టూ ఉన్న ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి, "ఎవురొచ్చుండారో చెప్పు తమ్ముడా" అంటుంది. అని ఊరుకుంటుంది. సెకన్లు లెక్కపెట్టాను: ఒకచోట ఇరవై, ఒకచోట ముప్పై ఐదు. ఆ నిశ్శబ్దంలో ఎవరూ అందివ్వరు, ఎవరూ జాలిగా చూడరు, పిల్లలు కూడా కదలరు. పెద్దాయన దవడ కదులుతుంది, గొంతు కదులుతుంది, ఆగుతుంది. 'అక్... క్కా' అన్నది మొదటి మాట. తరువాత ఒక మేనల్లుడి పేరు సగం. తరువాత 'రా'. వీడియో ముగిసేసరికి నేను గుర్తించగలిగిన వేర్వేరు మాటలు పదకొండు. అప్పటికి నా గదిలో ఆయన పలికినవి నాలుగు.

ఇందులో మహిమ ఉందని నేను చెప్పడం లేదు. ఆ అక్క చేసినదాన్ని వృత్తి భాషలో విడమరిచి చెప్పగలను: ఎదురుచూసే వ్యవధి పొడవు, అడిగే ప్రశ్నలో నిజమైన అవసరం ఉంది, జవాబు ఆయనకు అత్యంత సన్నిహితమైన మనుషుల పేర్లు, చేతి స్పర్శ ఒక లయలో సాగింది. వీటన్నిటికీ పాఠ్యపుస్తకాల్లో ఆధారం ఉంది. కానీ వాటిని ఒకేచోట, ఒకే మనిషి చుట్టూ చేర్చగలిగింది ఆ కూటమి. అక్కడ ఆయన రోగి కాదు, తమ్ముడు, మామ, పెద్ద. వచ్చిన ప్రతి ఒక్కరూ ఆయన జవాబు కోసం నిజంగానే కాచుకున్నారు, ఎందుకంటే ఆ తెగలో ఆ వయసు మనిషి పలకాల్సిన మాటలు కొన్ని ఉంటాయి, అవి ఆయన తప్ప ఇంకొకరు పలకరాదు.

గట్టు మీద థెరపీ

ఆ తరువాత పథకం మార్చాను. వారానికి ఒక సెషన్ క్లినిక్‌లో, ఒకటి ఫోను వీడియోలో, పదిహేను రోజులకొకటి మింజూరు దగ్గర నీటి గట్టు మీద. గట్టు మీద సెషన్‌కు మనవడు తన పని మానుకోనక్కర్లేదు, అదే పని మేము వాడుకున్నాం.

అక్కడ నాకు తెలిసి వచ్చిన ముఖ్యమైన సంగతి తెలుగు వ్యాకరణానికి సంబంధించినది. బ్రోకా అఫేజియాలో నామవాచకాల కన్నా క్రియలు కష్టం. తెలుగులో క్రియ చివర కాలం, పురుష, లింగ, వచన ప్రత్యయాలు చేరాలి. 'వచ్చాడు', 'పట్టుకున్నాం', 'తెస్తాను' వంటి రూపాలను అతికించి పలకడం ఈ రోగులకు కొండంత పని. ప్రత్యయం లేకుండా క్రియ నిలబడే చోటు దాదాపు ఒక్కటే, అది నువ్వు అన్న మనిషికి ఇచ్చే ఆజ్ఞ: పట్టు, లాగు, తవ్వు, పో, రా. నలుగురు కలిసి చేసే వేటలో మాటలన్నీ ఈ రూపంలోనే ఉంటాయి. మనవడు వల విసిరి చూస్తుండగా ఆయన ఎడమచెయ్యి గాలిలో లేచి 'లా... లాగు' అన్నప్పుడు, నేను రెండు నెలలుగా బొమ్మల కార్డులతో వెతుకుతున్న క్రియ అది. వారం తిరిగేసరికి 'వదులు', 'పట్టు' వచ్చాయి.

వల పక్కనే ఊత ఉంటుంది, చేపలు పట్టే వెదురు బుట్ట. ఇంకోవైపు కుండ. ఎలుకలు పట్టడానికి వాడే కుండకు అడుగున బొక్క ఉంటుంది. లోపల గడ్డి అంటించి, మూతిని కలుగుకు ఆనించి, బొక్క దగ్గర నోరుపెట్టి ఊదితే పొగ కలుగులోకి పోతుంది. ఎలుక ఇంకో దారిన బయటికి వస్తుంది, అక్కడ మనిషి కాపు కాస్తాడు. తవ్వితే ఎలుక దాచుకున్న వడ్లు కూడా దొరుకుతాయి. ఈ వరస మొత్తం ఆయన ఎడమచేత్తో అభినయించి చూపించారు. ఒక్కో అడుగు దగ్గర ఆపి, ఆ అడుగుకు ఒక మాట అడిగాను. కుండ, గడ్డి, ఊదు, కలుగు, తవ్వు. వరసలో ముందు అడుగు వస్తే తరువాతి మాట దానంతట అది దగ్గరికి జరుగుతుంది. చేసే పని మాటను లాక్కొస్తుందని నేను చదివి ఉన్నాను, కళ్లెదుట అంత తేటగా చూడడం అదే మొదటిసారి. కుండ ఊదడం మూతి కండరాలకు కూడా మంచి వ్యాయామమైంది. పొగ లేకుండా, ఖాళీ కుండతోనే చేయించాను.

పాట గురించి కూడా చెప్పాలి. రాగంతో మాటను పలికించే పద్ధతి 1973 నుంచి మా వృత్తిలో ఉంది: మాటను రెండు స్వరాల్లో సాగదీసి, ఎడమచేత్తో తాళం వేయిస్తూ, క్రమంగా రాగాన్ని తగ్గిస్తూ పోతాం. క్లినిక్‌లో నేను తయారుచేసుకున్న 'నీళ్లు కావాలి' అనే రాగం ఆయనకు ఏమాత్రం పట్టలేదు. పడవ లాగేటప్పటి 'హైలెస్సా' మాత్రం మొదటిసారి అనగానే పూర్తిగా, స్పష్టంగా వచ్చింది, కూతురు కళ్లు తుడుచుకుంది. ఆ లయలోనే నీళ్లు, అన్నం, నొప్పి అన్న మాటలను ఒక్కొక్కటిగా పొదిగాం. 'నీళ్లు' నాలుగో రోజున లయ లేకుండా కూడా వచ్చింది. 'నొప్పి' ఇప్పటికీ లయ లేకపోతే రాదు.

ఈ మార్పు నిజంగా పనిచేస్తోందా, లేక మెదడు తనంతట తాను కోలుకుంటోందా అన్న అనుమానం తీర్చుకోవడానికి రెండు జాబితాలు పెట్టుకున్నాను. ఒకదానిలో క్లినిక్ బొమ్మల నుంచి 20 మాటలు, ఇంకోదానిలో కూతురూ మనవడూ చెప్పిన పని మాటలు, ఇంటి మాటలు 20. కొరమీను, జెల్ల, వాలుగ, బొమ్మిడాయి, ఊత, కలుగు, పందికొక్కు, గడ్డపార, సట్టి, ఎండ్రకాయ వంటివి ఈ రెండో జాబితాలోవి. రెండింటికీ సమానమైన సెషన్లు, సమానమైన సాధన. ఎనిమిది వారాల తరువాత మొదటి జాబితాలో 8, రెండో జాబితాలో 17 సాయం లేకుండా పలికారు. మెదడు దానంతట అదే కోలుకుని ఉంటే రెండు జాబితాలూ ఇంచుమించు సమానంగా పెరగాలి. రోజూ వాడే మాటలు త్వరగా రావడంలో వింత లేదని తోటి థెరపిస్టు ఒకరు అన్నారు. నిజమే, నేను అంటున్నదీ అదే. రోజూ వాడే మాటలేవో తెలియాలంటే ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో తెలియాలి, అది మన పరీక్షల పెట్టెలో లేదు.

మందు వేరు గురించి ఒక జాగ్రత్త

సంస్కృతికి చోటిచ్చామంటే ప్రతి నాటుమందుకూ తల ఊపామని కాదు. అక్క పంపిన పొడి ఒకటి రోజూ తేనెలో కలిపి ఇస్తున్నారని పన్నెండో వారంలో తెలిసింది. ఏ వేరని అడిగితే ఈశ్వరి వేరు అన్నారు. పాముకాటుకు ఈ వేరును తరతరాలుగా వాడుతున్నారు, కానీ అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, క్యాన్సర్ కారకమని అంతర్జాతీయంగా తేలిన పదార్థం. వెంటనే న్యూరాలజిస్టుకు చెప్పాను, రక్తపరీక్షలో మూత్రపిండాలు బాగానే ఉన్నాయి. మానేయమని నేరుగా కబురు పెట్టకుండా అక్కతో ఫోనులో మాట్లాడాను. మూత్రపిండాల సంగతి చెబితే ఆమె కాసేపు ఆలోచించి, ఎక్కువ రోజులు వాడితే ఒళ్లు వాస్తుందని తమ పెద్దలు కూడా అనేవారని, అందుకే పాముకాటుకు ఒక్కసారే ఇచ్చేవారని తానే అంది. దాని బదులు సుగంధిపాల వేరు ఇస్తానంది. చెన్నైలో నన్నారి షర్బత్ పేరుతో అందరం తాగేది అదే కాబట్టి, డాక్టరు కూడా అభ్యంతరం చెప్పలేదు. ఆ రోజు ఫోను పెట్టేసే ముందు ఆమె నన్ను, "నా మందు అడిగినావు గదా, నీ మందు కూడా నాకు చెప్పు" అంది. ఆయన వేసుకునే బీపీ మాత్ర, రక్తం పలుచబరిచే మాత్ర ఎందుకో వివరించాను. అంతవరకూ నాగాలు పడుతున్న ఆ మాత్రలు ఆ తరువాత ఒక్కరోజు కూడా తప్పలేదు, అక్క రోజూ ఫోను చేసి కనుక్కునేది.

ఇలాంటి అనుభవం ఇతర దేశాల్లో

ఈ కేసు నడుస్తుండగా నాకు బాగా ఉపయోగపడింది పశ్చిమ ఆస్ట్రేలియాలో అక్కడి మూలవాసులైన అబోరిజినల్ ప్రజలతో జరిగిన పని. పక్షవాతం తరువాత వారికి స్పీచ్ థెరపీ ఎందుకు అందడం లేదని ఎడిత్ కోవన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిజబెత్ ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం అబోరిజినల్ పరిశోధకులతో కలిసి పరిశీలించింది. ఆ తరువాత 'హీలింగ్ రైట్ వే' అనే పరిశోధనలో, ఆస్పత్రి సిబ్బందికి ఆ సంస్కృతిపై శిక్షణ ఇవ్వడంతో పాటు, రోగి వెంట ఉండి ఇంటిదాకా నడిపించే అబోరిజినల్ సమన్వయకర్తలను నియమించారు. అక్కడ 'యార్నింగ్' అంటారు, కూర్చుని తీరిగ్గా చెప్పుకునే మాటలు. ప్రశ్న, జవాబు, మార్కు అన్న వరుస లేకుండా కథ దారిలో మాటను వెతుకుతారు, మౌనాన్ని తొందరగా పూడ్చరు. సోదె వీడియోలో అక్క చేసింది చూసి, ఆ పరిశోధన చదివినప్పుడు, రెండు ఖండాల్లో రెండు తెగలు ఒకే మెళకువను వేరువేరుగా కాపాడుకున్నాయనిపించింది.

అబోరిజినల్ ప్రజలు తమ ఆరోగ్యాన్ని తామే నిర్వచించుకున్న చరిత్ర ఇంకా పాతది. సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో 1971లో వారు తమ అధీనంలోనే ఒక వైద్యశాల ప్రారంభించారు. 1989 నాటి జాతీయ అబోరిజినల్ ఆరోగ్య వ్యూహంలో, ఆరోగ్యమంటే ఒక మనిషి శరీరం బాగుండడం మాత్రమే కాదని, సమాజమంతటి సామాజిక, మానసిక, సాంస్కృతిక క్షేమం కూడా అందులో భాగమని రాసుకున్నారు. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలకు చెందిన వైద్యుడు మేసన్ డ్యూరీ 1984లో ఆరోగ్యాన్ని నాలుగు గోడల ఇంటితో పోల్చారు: ఆత్మ, మనసు, శరీరం, కుటుంబం. పెద్దాయన విషయంలో నేను మొదట ఒక్క గోడకే సున్నం కొడుతూ వచ్చాను.

మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం షెడ్యూల్డ్ తెగలవారు 10.43 కోట్లు, మొత్తం జనాభాలో 8.6 శాతం. వీరిలో నగరాలకు వలస వచ్చినవారు చెన్నై వంటి చోట్ల ఏ ఆస్పత్రి వరుసలోనూ విడిగా కనిపించరు. పెద్దాయన మాకు 'తెలుగు మాట్లాడే రోగి'గా వచ్చారు. తెలుగు రోగికి తెలుగు థెరపిస్టు దొరికితే చాలనుకున్నాం. నా తెలుగుకూ ఆయన తెలుగుకూ మధ్య ఎంత దూరం ఉందో ఆ ఎండ్రకాయ చెప్పింది.

ఏడో నెలలో ఉన్న స్థితి

మళ్లీ అదే పరీక్ష పెడితే 58 వచ్చింది. ఈసారి పేర్లు చెప్పే భాగంలో బొమ్మల బదులు వస్తువులే ఉంచాను, ఆయన ఇంటి మాట చెబితే సరైనదిగానే లెక్కించాను, ప్రతిదానికీ పూర్తి సమయం ఇచ్చాను. అందువల్ల రెండు అంకెలనూ నేరుగా పోల్చడం సబబు కాదు. నిత్యజీవితంలో కనిపిస్తున్న మార్పు ఇది: ఇంట్లోవారిని పేరు పెట్టి పిలుస్తారు, ఆకలి, దాహం మాటతో చెబుతారు, గట్టు మీద మనవడికి రెండు మాటల్లో పని చెబుతారు. 'వల లాగు', 'ఊత పెట్టు', 'నీళ్లు తగ్గె'. చివరిదానిలో 'తగ్గె' అన్నది భూతకాలపు ప్రత్యయం పట్టుకున్న మొదటి క్రియ. కుడిచెయ్యి పెద్దగా మెరుగుపడలేదు. కోపం వస్తే ఒక్క మాటా రాదు. ఫోనులో అపరిచితులతో మాట్లాడలేరు. రాయించడం, చదివించడం మీద పెట్టిన మొదటి వారాల శ్రమంతా వృథా అయింది, బడికి వెళ్లని మనిషికి అక్షరాన్ని ఊతంగా ఇవ్వడం నా ఆలోచనలోని లోపం.

ఇప్పటి లక్ష్యం మేము పెట్టింది కాదు. అక్క మనవరాలికి సంబంధం కుదిరింది, నిశ్చితార్థం వచ్చే నెలలో. ఆ కుటుంబంలో పెద్దగా, పిల్ల తరఫున నిలబడి 'మా పిల్లను ఇస్తున్నాం' అని చెప్పాల్సింది పెద్దాయనే. ఆయన బదులు అల్లుడు చెబుతాడులే అని ఎవరో అంటే, పెద్దాయన తల అడ్డంగా ఊపి, ఎడమచేత్తో తన ఛాతీ తట్టుకున్నారట. మూడు మాటల వాక్యం అది. వారానికి ఐదు రోజులు సాధన చేస్తున్నాం, నాలుగు రోజులు కూతురితో, ఒకరోజు నాతో, అక్క నేర్పినట్టు చెయ్యి పట్టుకుని, ఎంతసేపైనా ఆగి. 'మా పిల్లను' వస్తోంది. 'ఇ' దగ్గర ఆగుతున్నారు.